నమూనా నిద్ర

దాసరి మాల్యాద్రి మాస్టారికి ఇన్నేళ్ళ సర్వీసులో ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా ఒక్కసారి కూడా పడలేదు. అందుకు ఆయన ఎవర్నీ తప్పుపట్టేవారు కాదు. తను పాఠం మొదలెట్టగానే వెనక బెంచీలో ఒక ఆవులింత పుట్టడం, అది మెల్లగా ముందు బెంచీల దాకా పాకిరావడం, ఒక్కోసారి బల్ల దాటి తనకే అంటుకోవడం ఆయన కళ్ళారా చూస్తున్నదే. చెప్పేది సోషలు, అదీ మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత. ఇంతకన్నా ఎవరొచ్చి ఏం పొడుస్తారులే అని తనకు తనే సర్దిచెప్పుకునేవారు. అలాంటి మనిషికి చివరికి రాష్ట్రమంతా పేరొచ్చింది. పాఠం చెప్పినందుకు మాత్రం కాదు. క్లాసులో నిద్రపోయినందుకు.

ఆ రోజు సంగతి చెప్పాలి. పొద్దున్నే మొగలిగుండ్లపాడు హైస్కూలు గేటు దగ్గర మాస్టారు ఫోను ముందు ముఖం పెట్టి, అది రెప్ప వాల్చమంటే వాల్చి, తల తిప్పమంటే తిప్పి హాజరు వేయించుకున్నారు. తర్వాత బియ్యం బస్తాలకు ఫొటో తీశారు. మరుగుదొడ్ల తలుపులకు తీశారు. ఉడికిన గుడ్లకు తీసి పైకి పంపితే, మసగ్గా ఉన్నాయి మళ్ళీ తీయమని కబురొచ్చింది. అప్పటికే గుడ్లు పిల్లల కడుపుల్లోకి పోయాయి. ఏం చేస్తారు, పాపం, పెంకులన్నీ ఏరి గుండ్రంగా పేర్చి తీశారు. అవి పాసయ్యాయి. ఆ తర్వాత ఇంటింటి సర్వేలో మిగిలిపోయినవాళ్ళకు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ తన మేకల పేర్లు కూడా రాసుకోమని పట్టుబట్టింది. ఇంత అయ్యాక, నేను మాస్టర్ని కదూ అని గుర్తొచ్చి, తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి రేఖాంశాల పాఠం అందుకున్నారు.

పాఠం మామూలుగానే సాగింది. అంటే క్లాసు సగం జోగుతోంది. అప్పుడు గోడవార చివరి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎస్తేరుది. ఎస్తేరు సాధారణంగా ఆ పీరియడ్‌లో మెలకువగా ఉండదు. తెల్లారకముందే తల్లితో కలిసి పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి పోయి, ఆకు కర్రలకు కట్టి, అక్కణ్ణుంచి అటే బడికొస్తుంది. ఆ రోజు ఏ గాలి వీచిందో, మెలకువగా ఉంది.

"సార్, ఈ నిలువు గీతలన్నీ పైన ఒక్కకాడ కలుస్తన్నయి గదా. గీతగీతకీ టైము మారిద్దన్నారు. మరి అన్నీ కలిసినకాడ టైమెంత సార్?"

మాస్టారు సుద్దముక్క చేత్తో పట్టుకుని ఆ గుండ్రం వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనకూ తట్టలేదు. మంచి ప్రశ్న అని తెలుస్తూనే ఉంది, జవాబు తనకు తెలియదనీ తెలుస్తూనే ఉంది. ఇంకో రోజైతే, కాస్త ఓపికుంటే, పదండి కనుక్కుందాం అనేవారేమో. ఆ రోజు గుడ్ల పెంకులు పేర్చిన మనిషి ఆయన. "రేపు చెప్తాలే అమ్మా" అన్నారు. పిల్లల్ని పుస్తకంలో గోళం గీసుకోమని చెప్పి, ఒక్క నిమిషమని కుర్చీలో కూలబడ్డారు.

ఆ ఒక్క నిమిషంలోనే తల వాలిపోయింది.

పిల్లలు గప్‌చుప్‌గా ఉండిపోయారు. సారు లేస్తే పాఠం కూడా లేస్తుందని వాళ్ళకు తెలుసు. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే గేటు ముందు తెల్ల కారు ఆగింది. రాజధాని నుంచి స్పెషల్ ఆఫీసరు గారు, ఆయన వెనకాల జిల్లా విద్యాధికారి, వాళ్ళ వెనకాల పరుగు లాంటి నడకతో హెడ్మిస్ట్రెస్ జుబేదా మేడం.

తొమ్మిదో తరగతి గుమ్మంలో ఆగేసరికి మేడం గుండె గుభేలుమంది. విద్యాధికారి అప్పటికే మనసులో సస్పెన్షన్ ఆర్డరు రాసేసి కింద సంతకం కూడా పెట్టేశాడు. అయితే స్పెషల్ ఆఫీసరు గారు ఆ వారమే ఎక్కడో చల్లని కొండ మీద జరిగిన సదస్సుకు వెళ్ళొచ్చారు. ఉపాధ్యాయుల్లో వృత్తిదగ్ధత అన్నది ఆ సదస్సు విషయం. అంటే పని చేసీ చేసీ మనిషి లోలోపల బూడిదైపోవడం అన్నమాట. దానికి విరుగుడు కనిపెట్టి పైవాళ్ళకు చూపించాలని ఆయన తహతహలాడుతున్నారు. మాస్టారి వాలిన తలను చూశారు, కదలక మెదలక కూర్చున్న పిల్లల్ని చూశారు. రాష్ట్రంలో ఎన్ని స్కూళ్ళు తిరిగినా ఇంత క్రమశిక్షణ గల తొమ్మిదో తరగతి ఆయన కంటపడలేదు.

విద్యాధికారి మాస్టార్ని లేపబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"లేపకండి" అన్నారు గుసగుసగా.

ఫొటో తీస్తున్న చప్పుడుకి మాస్టారికి మెలకువ వచ్చింది. ఎదురుగా ఆఫీసర్లు. కొంప మునిగిందనుకుని, మూతి తుడుచుకుంటూ లేచి నిలబడ్డారు. స్పెషల్ ఆఫీసరు గారు ముందుకొచ్చి ఆ తడి చేతినే పట్టుకుని ఊపారు. ఈ పద్ధతిని ఎంతకాలంగా అనుసరిస్తున్నారని అడిగారు. మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. అప్పుడప్పుడూ అండీ, వేసవిలో కాస్త ఎక్కువండీ అని నిజమే చెప్పారు. ఆఫీసరు గారు అది రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "వృత్తిదగ్ధతా నివారణ పథకంలో భాగంగా సమస్త ఉపాధ్యాయులు ప్రతి మధ్యాహ్నము ఒక పీరియడు తరగతి గదిలోనే విధిగాను, ఉల్లాసంగాను విశ్రమించవలెను. సదరు సమయమున విద్యార్థులు మేల్కొని నిశ్శబ్దముగా పరిశీలించవలెను. విశ్రమించని వారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును." ఉత్తర్వుకు ఒక ఫొటో కూడా జతచేశారు. అందులో తల వాల్చి, నోరు తెరిచి మాల్యాద్రి మాస్టారు. కింద ఆదర్శ విశ్రాంతి అని రాసి ఉంది.

ఇక చూడండి. విశ్రాంతికి ఒక యాప్ వచ్చింది. అందులో ఉపాధ్యాయుడు కళ్ళు మూసుకుని కదలకుండా కనబడాలి. ఫోను ఏమాత్రం కదిలినా విశ్రాంతి మళ్ళీ మొదటినుంచీ తీసుకోవాలి. వచ్చిన చిక్కల్లా మధ్యాహ్నం హాజరు యాప్ కూడా ఆ వేళకే మేలుకుని, కళ్ళు తెరవమని అడుగుతుంది. తెరిస్తే విశ్రాంతి చెడింది, మూస్తే ఆ పూట గైర్హాజరు. హిందీ చెప్పే వైదేహి మేడం ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసి చూసింది. రెండు యాప్‌లూ ఒప్పుకోలేదు. పైగా ఆ ఫొటో ఎలాగో జిల్లా గ్రూపులోకి వెళ్ళి, ఆవిడ ఎవరికి కన్ను కొట్టిందో సంజాయిషీ ఇవ్వాల్సొచ్చింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, తప్పంతా పైవాళ్ళదే అంటే కళ్ళు పోతాయి. మన మాస్టర్లకు ఏ పని అప్పగించినా ముందు దానికో పాఠ్యపథకం రాసుకోందే చెయ్యాడదు. నిద్రపోండిరా బాబూ అంటే పోవచ్చు కదా. పోరు. నిద్రకు పథకం ఎవరూ అడగలేదు. రాసిచ్చింది మాల్యాద్రి మాస్టారే. బి.ఇడి.లో నేర్చిన విద్య, చెయ్యి ఊరుకోలేదు. సాధించవలసిన సామర్థ్యాలు అని గీత గీసి, ఉపాధ్యాయుడు కళ్ళు మూయగలడు, మూసిన కళ్ళు తెరవకుండా ఉండగలడు, తన సొంత మాటల్లో గురక పెట్టగలడు అని రాశారు. బోధనోపకరణం దిండు. మూల్యాంకనం లేచిన తర్వాత. ఇంటిపని, రాత్రికి మళ్ళీ చేయుట. కాస్త వేళాకోళంగానే రాశానని ఆయన తర్వాత చాలామందితో మొరపెట్టుకున్నారు గాని, పథకం మరీ చక్కగా కుదిరింది. స్పెషల్ ఆఫీసరు గారు దాన్ని పుస్తకంగా వేయించి ప్రతి స్కూలుకూ పంపారు. మాస్టార్ని రాష్ట్ర విశ్రాంతి శిక్షకుడిగా నియమించి, మళ్ళీ చెప్పేవరకూ ఊరూరా తిరిగి నిద్రలో తర్ఫీదు ఇవ్వమన్నారు.

మాస్టారు వద్దనొచ్చు. అనలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన కాళ్ళు భూమ్మీద ఆనలేదు. జీవితంలో మొట్టమొదటి శాలువా పడింది. దాన్ని ఇంటికి తెచ్చి, నలగకుండా అటూ ఇటూ తిప్పి భార్య ఆదిలక్ష్మికి చూపించారు. ఆవిడ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, పాలిస్టరని తేల్చింది.

"మంచమ్మీద నడుం వాలిస్తే బట్టలు మడతెయ్యండని లేపేదాన్ని. ఇంతటి విద్యని నాకేం తెలుసు" అంది. అందులో వెటకారం పాలెంతో మాస్టారు తేల్చుకోలేకపోయారు. శాలువా మాత్రం జాగ్రత్తగా బీరువాలో పెట్టుకున్నారు.

శిక్షణా తరగతులు మొదలయ్యాయి. విశ్రాంతి మీద శిక్షణ కాబట్టి తెల్లవారుజామునే లేపి వరసలో నిలబెట్టేవారు. వ్యాయామం, ప్రార్థన, ఉప్మా, ఆ తర్వాత విశ్రాంతి చరిత్ర, విశ్రాంతి లక్ష్యాలు, విశ్రాంతిలో ఎదురయ్యే సవాళ్ళు. మధ్యలో ఎవరైనా కునికితే శిక్షణలో శ్రద్ధ లేదని పేరు రాసుకునేవారు. ఒక ఊళ్ళో దిండ్ల మేళా పెట్టారు. ఖర్చు లేకుండా, దొరికిన వస్తువులతో ఉపాధ్యాయులే దిండ్లు తయారుచేసి తేవాలి. కొబ్బరిపీచు, కంది పొట్టు, పాత చీరలు ఏవేవో కుక్కి తెచ్చారు. పిల్లల జవాబుపత్రాలు కుక్కిన దిండుకు మొదటి బహుమతి వచ్చింది. అవి దిద్దినవా, దిద్దనివా అని మాత్రం న్యాయనిర్ణేతలు అడగలేదు. శిక్షణ ముగిసేసరికి మాస్టర్లు పీల్చి పిప్పయి, చెమటలు కక్కుతూ బస్సులెక్కి, నిలబడే నిద్రపోతూ ఇళ్ళకు వెళ్ళేవారు. దాన్ని చూసి శిక్షణ ఫలించిందని నివేదికలో రాశారు.

అందరికీ నిద్ర నేర్పుతున్న మాల్యాద్రి మాస్టారికి మాత్రం నిద్ర పోయింది. మంచమెక్కి కళ్ళు మూసుకుంటే చాలు, మెడ ఎంత వాల్చాను, శ్వాస లయగా ఉందా, ముఖం ప్రసన్నంగా ఉందా అని తన పథకం తనకే గుర్తొచ్చేది. మూల్యాంకనం అయిపోయేది గాని నిద్ర వచ్చేది కాదు. పగలు బస్సుల్లోనూ అంతే. ఇదివరకు కండక్టరు టికెట్ కొట్టేలోపు గురక పెట్టిన మనిషి, ఇప్పుడు కిటికీలోంచి మైలురాళ్ళు చదువుకుంటూ పోతున్నారు.

తొమ్మిదో తరగతి సోషలు ఎవరు చెబుతున్నారని ఫోను చేసినప్పుడల్లా జుబేదా మేడం ఒకటే మాట చెప్పేది. ఎవరూ చెప్పడం లేదు. ఆ పీరియడ్‌ని పూర్తిగా విశ్రాంతికి ఇచ్చేశారు, ఎవరో ఒకరు వెళ్ళి కుర్చీలో కళ్ళు మూసుకుంటున్నారు, పిల్లలు కూర్చుని చూస్తున్నారు. పాఠం మీరు గీసిన గుండ్రం దగ్గరే ఉంది సార్ అనేది మేడం.

ఒకరోజు పొద్దున జిల్లా కేంద్రానికి పోయే బస్సు కోసం మాస్టారు రోడ్డు మీద నిలబడి ఉంటే, ఎస్తేరు బ్యారన్ వైపు నుంచి సంచీ భుజానేసుకుని గబగబా వస్తోంది. చేతులకు పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది. సారుని చూసి ఆగి నమస్కారం పెట్టింది. మెల్లగా అడిగింది.

"రేపు చెప్తానన్నారు గదా సార్. అది ఏ రేపు సార్?"

ఆ పిల్ల దెప్పి పొడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే మాస్టారికి ఎక్కువ తగిలింది. వస్తానమ్మా, వచ్చి చెప్తానని ఏదో గొణిగారు. బస్సొచ్చింది, ఎక్కారు. చంకలో దిండు పెట్టుకుని నిలబడ్డ తనని బస్సు అద్దంలో చూసుకుంటే సిగ్గేసింది. ఇంతకాలం తను అలసిపోయింది పాఠం చెప్పి చెప్పి కాదని, పాఠం ఒక్కటి తప్ప మిగతావన్నీ చేసి చేసి అని అప్పుడు అర్థమైంది. ఆ పాఠం కూడా ఇప్పుడు చేజారిపోయింది. జిల్లా కేంద్రంలో దిగగానే సరాసరి విద్యాధికారి దగ్గరికి వెళ్ళి, నన్ను నా క్లాసుకు పంపించండి సార్ అని చేతులు జోడించారు.

విద్యాధికారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మాల్యాద్రి గారూ, మీ మనోభావాలను శాఖ గౌరవిస్తుంది. కానీ విశ్రాంతి నుంచి విశ్రాంతి కోరడానికి నిబంధనల్లో ఆస్కారం లేదు. మీరు నిద్రకు అశక్తులని విశ్రాంతికి మార్కులేసే మూల్యాంకన సంఘం ధ్రువీకరిస్తే తప్ప."

ఆ మాట మాస్టారి చెవిలో పడింది. అయితే అశక్తుణ్ణని ఎలా నిరూపించుకోవాలో అడిగారు. విద్యాధికారికి అదో కొత్త తలనొప్పి. నిరూపించుకోవడం కూడా కుదరదన్నాడు. ఎందుకంటే త్వరలోనే స్పెషల్ ఆఫీసరు గారు రాష్ట్రం నలుమూలల నుంచీ అధికారుల్ని పిలిపించి, జిల్లా సమావేశ మందిరంలో ఆదర్శ విశ్రాంతిని ప్రత్యక్షంగా చూపించబోతున్నారు. చూపించేది మాస్టారే. అక్కడ గనక నిద్ర పట్టకపోతే ఇద్దరి ఉద్యోగాలకూ ముప్పని మెల్లగా చెప్పాడు. క్లాసుకు వెళ్ళాలంటే నిద్రపోకూడదు, ఉద్యోగం ఉండాలంటే నిద్రపోవాలి. మాస్టారు నవ్వాలో ఏడవాలో తెలియక దిండు చంకన పెట్టుకుని బయటికొచ్చారు.

ఆ రోజు రానే వచ్చింది. మందిరం నిండా అధికారులు. మధ్యాహ్నం పప్పు, గోంగూర, గుత్తొంకాయ, గడ్డపెరుగుతో భోజనాలు పెట్టారు. అందరూ బెల్టులు వదులు చేసుకుని కూర్చున్నారు. వేదిక మీద మొగలిగుండ్లపాడు నుంచి తెప్పించిన ఆ కుర్చీయే వేశారు. గురక వినబడడానికి మాస్టారి ముక్కు దగ్గర మైకు పెట్టారు. మొదటి వరసలో మూల్యాంకన సంఘం మార్కుల కాగితాలు పట్టుకుని కూర్చుంది. మాస్టారి ముందు బల్ల మీద సన్మానం కోసం తెచ్చిన పండ్ల పళ్ళెం ఉంది.

మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ముక్కు దురద పెట్టింది. మెడ వాల్చారు. మైకులో తన ఊపిరే తుఫాను గాలిలా వినబడుతోంది. మొదటి వరసలో ఎవరో శ్వాసలో నటన కనబడుతోందని పక్కాయనకు చెప్పారు, అది మైకులో అందరికీ వినబడింది. మాస్టారికి చెమటలు పట్టాయి. నిద్రపోవాలని ఎంత ప్రయత్నిస్తే అంత మెలకువ వచ్చేస్తోంది. చివరికి స్పెషల్ ఆఫీసరు గారు లేచి వేదిక మీదికొచ్చి చెవి దగ్గర వంగారు.

"నలుగురిలో పరువు తీయకండి మాస్టారూ. ఆ రోజు నిద్రకు ముందు మీరేం చేశారో అదే చేయండి."

"పాఠం చెప్పానండీ."

"అయితే అదే చెప్పండి. సహజ వాతావరణం ఏర్పడుతుంది."

మాస్టారు లేచారు. బోర్డు లేదు, గోళం లేదు. పళ్ళెంలోంచి ఒక బత్తాయి తీసి తోలు ఒలిచారు. ఇదే భూమి అనుకోండి అన్నారు. తొనకూ తొనకూ మధ్య ఉన్న గీతలే రేఖాంశాలన్నారు. ఒక తొన మీద పొద్దున అయితే ఇంకో తొన మీద మధ్యాహ్నం అవుతుందని తిప్పి చూపించారు. అలా తిప్పుతూ తిప్పుతూ పండు పైభాగానికి వచ్చి ఆగిపోయారు. తొనల గీతలన్నీ అక్కడ ఒక్క చుక్క దగ్గర కలిసి ఉన్నాయి. ఎస్తేరు ప్రశ్న అక్కడే కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తోంది.

మాస్టారు మందిరాన్ని మర్చిపోయారు. ఇక్కడ ఒకాయన నిలబడ్డాడనుకుందాం అని తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు మొదలెట్టారు. అటు ఒక అడుగు వేస్తే అతనికి పొద్దున, ఇటు వేస్తే సాయంత్రం. మరి అడుగు వేయకుండా నిలబడితే? ఏ తొన గడియారమూ అతన్ని నాది అనలేదు. అక్కడ గంటలు లేవు. సూర్యుడు కూడా ఆర్నెల్లు పోడు, ఆర్నెల్లు రాడు. అలాంటప్పుడు అక్కడ బతకాలంటే ఒకటే మార్గం, తనకు కావాల్సిన టైము తనే పెట్టుకోవాలి. అంతే, అదే జవాబు. అది నోట్లోంచి వచ్చాక గాని అది జవాబని ఆయనకే తెలియలేదు. ఎన్ని ఏళ్ళయిందో పాఠం చెబుతూ తనే ఏదన్నా నేర్చుకుని. అర్థమైందా అని సంతోషంగా ముఖం ఎత్తి చూశారు.

మందిరమంతా నిద్రపోతోంది. స్పెషల్ ఆఫీసరు గారి గడ్డం టై మీద ఆనింది. విద్యాధికారి పక్కవాడి భుజం మీద వాలిపోయాడు. మూల్యాంకన సంఘం ఒడుల్లోంచి మార్కుల కాగితాలు ఒక్కొక్కటే జారి కిందపడ్డాయి. వెనక వరసలో జుబేదా మేడం ఒక్కతే మెలకువగా ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. ఇన్నేళ్ళుగా పిల్లలే సోమరిపోతులేమోనని మాస్టారికి ఎక్కడో ఒక మూల అనుమానం ఉండేది. ఇప్పుడది తీరిపోయింది. లోపం పిల్లల్లో లేదని ప్రభుత్వపరంగానే రుజువైంది.

ఆఫీసరు గారు లేచి, అచ్చం ఆ రోజు మాస్టారు తుడుచుకున్నట్టే మూతి తుడుచుకున్నారు. అటూ ఇటూ చూసి విషయం గ్రహించారు. నిద్ర ఉత్తర్వు ఉపాధ్యాయులకే గాని అధికారులకు వర్తించదు. వాళ్ళకది ఇంకా నేరమే. అందుకని నివేదిక రాయడానికి పెద్ద తంటా వచ్చింది. చాలాసేపు తర్జనభర్జనలు పడి, మూల్యాంకన సంఘం కనులు మూసి ఏకాగ్రతతో పరిశీలించినదనీ, సదరు ఉపాధ్యాయుడు మాత్రం ఆసాంతం మేల్కొనియుండి శాఖను నిరాశపరచినాడనీ రాశారు. నిద్రకు అశక్తుడు కాబట్టి ఉద్యోగం తీసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. మెలకువగా ఉండడం నేరమని రాస్తే కోర్టులో నిలబడదని ఎవరో గుర్తుచేశారు. చివరికి శిక్షగా తక్షణమే తరగతి గదికి తిప్పి పంపడమైనది అని తేల్చారు. శాలువా వెనక్కి ఇమ్మన్నారు. పాలిస్టరదే కదా, ఆదిలక్ష్మి మారు మాట్లాడకుండా మడిచి ఇచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు జేబులో బత్తాయి వేసుకుని తొమ్మిదో తరగతిలోకి కొత్త పెళ్ళికొడుకులా వెళ్ళారు. పిల్లలు లేచి నిలబడ్డారు, ఒక్క ఎస్తేరు తప్ప. గోడకు తల ఆనించి, బెంచీ మీద చేతులు చాపి ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. పొగాకు ఆకు కోతలు ముమ్మరంగా ఉన్నాయి. పక్క పిల్ల మోచేత్తో పొడవబోతే మాస్టారు వద్దని తల ఊపారు.

పాఠం చెప్పడానికి మనసొప్పలేదు. ఎవరి కోసమైతే జవాబు తెచ్చారో ఆ పిల్లే నిద్రలో ఉంది. మిగతావాళ్ళని ఆటకు వదిలేసి, చప్పుడు కాకుండా చివరి బెంచీ దగ్గర కూర్చుని బత్తాయి ఒలుచుకుంటూ ఎదురుచూశారు. ఇన్నాళ్ళూ తన అలసట గురించి సదస్సులు పెట్టారు, పుస్తకం వేశారు, యాప్ చేశారు, దిండ్లకు బహుమతులిచ్చారు. వచ్చిన ఉత్తర్వులో ఈ పిల్లకు రాసిపెట్టింది మేల్కొని పరిశీలించమనే. ఆ ఉత్తర్వు అమలుకు పథకం రాసిచ్చింది తనే.

బత్తాయి వాసనకో ఏమో, ఎస్తేరు ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఖాళీ బెంచీల్ని, పక్కనే కూర్చున్న సారుని చూసి కంగారుపడింది.

"టైమెంతయింది సార్?"

మాస్టారు వెంటనే గడియారం చూడలేదు. పండు పైభాగం ఆ పిల్ల ముందు పెట్టి, ఆ చుక్క మీద వేలు ఆనించారు.

"నువ్వడిగింది ఇదే గదా. ఇక్కడ టైమంటూ లేదమ్మా. ఉన్నోళ్ళు ఎంతని పెట్టుకుంటే అంత."

ఎస్తేరు ఆ చుక్క వైపు నిద్రకళ్ళతోనే చూసింది. నమ్మలేనట్టు ఇంకో ప్రశ్న అడిగింది.

"మరి తెల్లారేది ఎప్పుడు సార్ అక్కడ?"

"ఏడాదికి ఒక్కసారే."

ఆ పిల్ల ముఖంలోకి నవ్వు వచ్చింది.

"మంచి ఊరు సార్ అది" అంది. అని, సారు ఏమంటారోనన్న బెదురు కూడా లేకుండా మళ్ళీ చేతుల మీద తల పెట్టుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. మెడ వాలుకు, ముఖప్రసన్నతకు మార్కులేసేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు జుబేదా మేడం గుమ్మంలోకి ఆదరాబాదరాగా వచ్చింది. విశ్రాంతి పథకం ఎత్తేశారట, దాని బదులు జాగృతి అని ఇంకోటి పెట్టారట, బళ్ళో ఒక్క కన్ను మూతబడినా ఊరుకోరట, బృందం గేటు దగ్గర కారు దిగుతోందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఎస్తేరుని చూసి గబగబా అటు రాబోయింది.

"లేపకండి మేడం" అన్నారు మాస్టారు.

ఆయన కుర్చీ తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. ఆ పీరియడ్ ముగిసేదాకా ఆయన కన్ను మూతబడలేదు.